కుందేలు బుట్టకు పడవలో చోటు కోరుతూ

వరద సహాయ అధికారి గారి సముఖమునకు,

కట్ట కింద వీధి చివరి ఇంటి కాపురస్థుడు, తాళాలు బాగుచేయువాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వరద సమయమున పెంపుడు కుందేలు గల కుటుంబములను తరలించునపుడు కుందేలు బుట్టను పడవలోనికి అనుమతించుట, తీసివేసిన సైరనును తిరిగి బిగించుట, సదరు సైరను మధ్యలో దగ్గుటకు గల కారణమును తెలుపుట గురించి.

సూచిక: "వరద వస్తే ఏం చేయాలి" అను తమ కార్యాలయపు కరపత్రము, మరియు రెండవ కిటికీ గుమస్తా గారు నోటిమాటగా ఇచ్చిన జవాబు.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, తమరు నన్ను ఎరుగుదురు. తమ గదిలోని బీరువా తాళం ఇరుక్కుపోయి, తమ కళ్ళజోడు లోపల ఉండిపోయినప్పుడు వచ్చి తీసినవాడను నేనే. "కొట్టకుండా, విరగ్గొట్టకుండా ఎలా తీశావయ్యా?" అని తమరు అడిగారు. తాళానికి చెవి ఆనించి వింటానని చెప్పాను. ఆ సంగతి ఈ అర్జీలో ముందు అవసరపడుతుంది గనుక గుర్తు చేయడమైనది.

ఇంకొక మనవి. ఈ అర్జీని తమ కార్యాలయం మెట్ల మీద కూర్చుని అర్జీలు రాసిపెట్టే పెద్దాయన మొదలుపెట్టారు. విషయం అనే చోట "దగ్గుట" అన్న మాట చెప్పేసరికి కలం ఆపి నా మొహంలోకి చూశారు. "బాబూ, ఇది నా చేత్తో రాయలేను. నువ్వే రాసుకో. నీ బాధ నీకే బాగా తెలుసు" అని కాగితం నా చేతిలో పెట్టారు. ఆ మాట దగ్గర నుంచి చేతిరాత మారినట్టు తమరు గమనించే ఉంటారు. ఇక మీద తప్పులున్నా అవి నావే.

1. కుటుంబ వివరములు. నేను, నా భార్య, మా పాప, ఒక కుందేలు. నా భార్య బట్టలు కుట్టేది. కుందేలు తెల్లది, ముక్కు పక్కన గుండ్రటి నల్లమచ్చ ఉన్నందున ఆమె దానికి బొత్తాం అని పేరు పెట్టింది. బట్టలు కుట్టించుకునే ఒకావిడ ఇల్లు మారుతూ, "కాస్త చూస్తూ ఉండమ్మా, సామాను సర్దుకుని వచ్చి తీసుకెళ్తా" అని బుట్టతో సహా మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. ఇంకా సర్దుకుంటూనే ఉన్నట్టుంది, రాలేదు. నేను మొదట ఒప్పుకోలేదు. "మనుషులకే చోటు చాలని ఇంట్లో దీన్నెక్కడ పెడతావు?" అన్నాను. "నీ తుప్పు తాళాల పెట్టె వరండాలో పెడితే దీనికి మహారాజులా సరిపోతుంది" అన్నది. తాళాల పెట్టె వరండాలోకి వెళ్ళింది. బొత్తాం కత్తిరింపుల బల్ల కిందికి వచ్చింది. మా ఇంట్లో వాదనలన్నీ అలాగే తేలేవి.

2. సైరను వివరములు. ఏటి ఒడ్డున పంపుల షెడ్డు మీద తమ కార్యాలయం వారి సైరన్ ఒకటి ఉండేది. పనిచేస్తున్నదో లేదో చూడటానికి నెలకొకసారి మధ్యాహ్నం పూట మోగించేవారు. మొదటిసారి ఆ మోత విన్నప్పుడు బొత్తాం వెనక కాళ్ళతో నేలను దబ్బున తన్ని, బీరువా వెనక దూరింది. కుందేలు భయపడితే అలా తన్ని మిగతా కుందేళ్ళకు చెబుతుందట. మా ఇంట్లో మిగతా కుందేళ్ళు లేవు గనుక మేమే విన్నాం. చీపురుతో ఒకరు, టార్చిలైటుతో ఒకరు తంటాలు పడ్డాం. సాయంత్రం దాకా అది ఉలకలేదు, పలకలేదు. నా భార్య నేల మీద బోర్లా పడుకుని దాన్ని చూస్తూ, "నిజంగా నీళ్ళు వచ్చిన రోజున కూడా ఇది ఇలాగే చేస్తుంది. అప్పుడేం చేస్తాం?" అన్నది.

ఆ రోజు నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. అటక మీది బుట్టను దించి, మూత తెరిచి, లోపల పాత తువ్వాలు పరిచి, గది మూలలో ఎప్పుడూ ఉంచేసింది. "పశువుల ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు మాత్రమే బుట్ట తీస్తే, బుట్ట చూస్తేనే హడలిపోతుంది. అది దాని గది అనుకోవాలి" అన్నది. సైరన్ మోగగానే బుట్టలో కొత్తిమీర వేసేది. సైరన్ మోగని రోజున ఎంత ముద్దు చేసినా కొత్తిమీర లేదు. "అమ్మా, పాపం, ఒక్క రెమ్మ" అని పాప బతిమాలినా పెట్టేది కాదు. కొన్ని నెలలకు సైరన్ గొంతు సవరించుకునేలోపే బొత్తాం బుట్టలో కూర్చునేది. ఈవిడ మూత వేసి, బుట్ట రెండు చేతులా ఎత్తుకుని గడప దాకా నడిచి వెనక్కి వచ్చేది. పాప బూట్లు తొడుక్కుని, సంచి తగిలించుకుని వెనకాలే నడిచేది.

వీధి వీధంతా నవ్వేది. ఎదురింటి మేడ మీద ఒకావిడ ఉంటారు. ఆవిడ చెవిన పడినది ఊరంతా వినవలసిందే గనుక ఆమెను అందరం రేడియో పిన్ని అంటాం. ఆవిడ కిటికీలోంచి, "ఏమే, కుందేలుకి కవాతు నేర్పుతున్నావా? మా ఆయనకి కూడా కాస్త నేర్పవే, పిలిస్తే పలకడు" అనేది.

"నవ్వండి పిన్నీ, నవ్వండి. నీళ్ళొచ్చిన రోజున మీ ఆయనకంటే ముందు నా కుందేలు వీధిలో ఉంటుంది" అనేది నా భార్య.

ఆమె అన్నీ ఆలోచించింది. గడ్డి ఏ సంచిలో పెట్టాలి, నీళ్ళగిన్నె ఎక్కడ కట్టాలి, అన్నీ. ఆ రోజున సైరనే మోగకపోవచ్చునని మాత్రం ఆలోచించలేదు.

3. నీళ్ళు వచ్చిన రోజున సైరన్ మోగలేదు. షెడ్డు మీద సైరన్ పొడిగానే ఉన్నదట. దాని కరెంటు పెట్టె షెడ్డు అడుగున ఉన్నందున, ఊళ్ళో అన్నిటికంటే ముందు మునిగింది అదేనట. ఈ జవాబు తమ కార్యాలయంలోనే నాకు చెప్పారు. చెప్పినాయన దాన్ని ఒక వింతలా చెప్పారు. నేను నవ్వలేదు.

ఆ సమయానికి నేను వంతెన అవతల ఒక బడి తలుపు తాళం తీస్తున్నాను. వంతెన మూసేశారు. కాబట్టి ఇక మీద రాసేది పాప చెప్పినది, రేడియో పిన్ని చెప్పినది.

మైకు పెట్టుకుని తమ పడవ వచ్చింది. ఆ మైకు అరుపుకి బొత్తాం బీరువా వెనక పేర్చిన పెట్టెల మీదికి ఎక్కి దాక్కుంది. నీళ్ళు అప్పటికి గడప దాటి పాప మోకాళ్ళకు వచ్చాయి. పాపను, బుట్టను కత్తిరింపుల బల్ల మీదికి ఎక్కించి, నా భార్య గుమ్మంలోకి వచ్చింది.

"రండమ్మా, రండి. ఎంతమంది?" అని పడవలో టోపీ పెట్టుకున్నాయన అడిగాడు.

"ఇద్దరం. ఒక కుందేలు."

"జంతువులకు లేదమ్మా. ఆర్డరు."

"బుట్టలో పెట్టి ఒళ్ళో పెట్టుకుంటానండీ. ఎవరి చోటూ తీసుకోదు. ఒక్క నిమిషం ఆగండి, బయటికి వచ్చేస్తుంది."

"మనుషులకే చోటు లేక నేను చస్తుంటే కుందేలంటారేమిటమ్మా! వస్తే రండి, లేదా తర్వాతి పడవలో రండి."

ఆ పడవలో ఒక టీవీ ఉన్నది. దుప్పటి చుట్టి, తడవకుండా నడుమ కూర్చోబెట్టారు. పాప దాని పక్కనే కూర్చుని వెళ్ళింది గనుక ఈ విషయంలో పొరపాటు లేదు. టోపీ ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు అని ఇక్కడ మర్యాదగా రాద్దామనుకున్నాను. చేతకావడం లేదు. తప్పుపడుతున్నాను.

నా భార్య పాపను ఎత్తి పడవలో కూర్చోబెట్టి, "నువ్వు పద. నేను బుట్ట మూసి వెనకాలే వచ్చేస్తా. బూట్లు తడుపుకోకు" అన్నది. పాప బూట్లు తడుపుకోలేదు. పడవలో ఉన్నంతసేపూ కాళ్ళు పైకి పెట్టుకునే కూర్చుందట.

4. తరువాత జరిగినది రేడియో పిన్ని మేడ కిటికీలోంచి చూసినది, విన్నది. ఈ ఒక్క సంగతి ఆవిడ ఊరంతా చెప్పలేదు. నాకు మాత్రమే చెప్పింది, అది కూడా తలుపు వేసి చెప్పింది.

"నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదురా. అంతలో మీ ఇంట్లోంచి సైరన్ మోగింది. కరెంటు లేదు, సైరనేమిటి అని చెవి ఒగ్గి విన్నాను. అది నీ పెళ్ళాం గొంతు. సైరన్ ఎలా కింద నుంచి పైకి లేస్తుందో అలాగే లేపి, ఊఁ అని సాగదీసి, మళ్ళీ దించుతోంది. 'పిచ్చిదానా, బయటికి రావే' అని కేకలు వేశాను. వినిపించుకుంటేనా. మధ్యలో ఆవిడకి దగ్గొచ్చింది. ఆగింది. రెండు దగ్గులు దగ్గి మళ్ళీ మొదలెట్టింది. కాసేపటికి ఆపేసింది. ఆ తర్వాత నవ్వింది. నీ మీద ఒట్టు, నవ్వడం విన్నాను."

కుందేలు వచ్చి ఉంటుంది. అందుకే నవ్వి ఉంటుంది.

తరువాత ఆమె నడుము లోతు నీళ్ళలో గడప దాకా వచ్చి, వీధి మొదట్లో కనిపిస్తున్న రెండో పడవకు చెయ్యి ఊపింది. రేడియో పిన్ని కూడా పైనుంచి పడవ వాళ్ళను పిలిచింది. అప్పుడే కట్ట తెగింది. వీధే ఏరైపోయింది. పిన్ని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మా గడపలో ఎవరూ లేరు.

5. వంతెన తెరిచాక నేను ఇంటికి వెళ్ళాను. తలుపు లేదు. ఊళ్ళో అందరి తలుపులూ తీసేవాడిని, నా ఇంటికి తీయడానికి తలుపు లేదు. గోడ మీద నీటి చార బీరువా పైభాగానికి జానెడు కిందుగా ఉన్నది. బీరువా మీద బుట్ట. బుట్ట మూతను ఆమె కొలత టేపుతో చుట్టి, ముడి వేసి ఉన్నది. ముడి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. లోపల బొత్తాం పొడిగా, బతికి ఉన్నది. దాని కాళ్ళ దగ్గర కొత్తిమీర కాడలు ఉన్నాయి.

అయ్యా, ఈ సంగతి తమరు రెండుసార్లు చదవాలని ప్రార్థన. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఆమె ఆ కుందేలుకి కొత్తిమీర వేసింది. సైరన్ మోగితే కొత్తిమీర అని దానికి మాట ఇచ్చి ఉన్నందున, మోగించింది తానే అయినా మాట తప్పలేదు.

తమ కార్యాలయపు రికార్డులో ఆమె పేరుకి ఎదురుగా "ఆచూకీ లేదు" అని, పక్కన "పెంపుడు జంతువు కోసం తిరిగి లోనికి పోవుట వలన" అని రాశారు. ఆమె తిరిగి లోనికి పోలేదు. బయటికి రానివ్వనందున లోపల ఉన్నది. ఈ ముక్క సరిచేయవలసిందిగా ఇదివరకే చెప్పులరిగేలా తిరిగాను. ఈ అర్జీలో మళ్ళీ అడగడం లేదు. దీనికంటే తొందరపనులు ఉన్నాయి.

6. సహాయ శిబిరం. పాప ఉన్న బడి శిబిరానికి బుట్టతో వెళ్ళాను. గేటు దగ్గర మనిషి, "ఎంతమంది?" అని అడిగాడు. నేను ఇద్దరమన్నాను. పాప లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి బుట్ట చూసి, నా వెనక్కి చూసి, "కాదు, నలుగురం" అన్నది. ఆయన ఇద్దరనే రాసుకున్నాడు. కుందేలును సైకిళ్ళ షెడ్డులో పెట్టమన్నాడు. ఆ షెడ్డులో వీధికుక్కలు తల దాచుకుంటున్నాయి. కుందేలును కుక్క కరవనక్కర్లేదు, ఎదురుగా కూర్చుని చూస్తే చాలు, ఆ హడలుకే ప్రాణం పోతుంది. తినడం మానేసినా పూట తిరిగేసరికి ప్రాణం మీదికి వస్తుంది. శిబిరం ఉన్నన్నాళ్ళూ నేను షెడ్డులో బుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాప బడి వరండాలోంచి నన్ను చూస్తూ కూర్చున్నది. అందువలన తమ లెక్కలో ఇద్దరున్నా, శిబిరంలో ఉన్నది నిజానికి ఒక్కరే.

7. దగ్గు గురించి. వరద తీశాక సైరన్‌ను బాగుచేయించి మళ్ళీ నెలనెలా మోగించారు. మొదటిసారి మోగిన మధ్యాహ్నం నేను వరండాలో తాళానికి ఆకురాయి పెడుతున్నాను. లోపలికి వెళ్ళి చూస్తే బొత్తాం బుట్టలో ఉన్నది. పాప బూట్లు తొడుక్కుని, సంచి తగిలించుకుని, బుట్ట మీద చెయ్యి వేసి కూర్చున్నది. ఇద్దరూ లోపలి గది గుమ్మం వైపు చూస్తున్నారు. సైరన్ ఆగిపోయింది. వాళ్ళు లేవలేదు. చాలాసేపు లేవలేదు. నేను కొత్తిమీర తెచ్చి వేస్తే బొత్తాం వాసన చూసి వదిలేసింది.

"నాన్నా, సైరన్ దగ్గింది" అన్నది పాప.

రేడియో పిన్ని నాకు చెప్పిన మాట పాపకు తెలియదు. పిన్నిని పిలిచి నిలదీశాను. "ఆ పసిదానికి నేను చెబుతానా? నా నోరు పడిపోదూ!" అని ఏడ్చింది. ఆవిడ అబద్ధం చెబితే నాకు తెలిసిపోతుంది, చాలా అలవాటు.

మరుసటి నెల నేనే చెవి ఒగ్గి విన్నాను. అయ్యా, నా జీవనమే వినడం. తాళంలో వెంట్రుకంత పుల్ల అడ్డం పడినా నా చెవికి తెలుస్తుంది. సైరన్ లేచింది, సాగింది, నడుమ ఆగింది. రెండుసార్లు పొడిగా ఏదో చప్పుడైంది. మళ్ళీ లేచింది. ఆ తరువాతి నెలా అంతే. పనివాడిగా ఆలోచిస్తే మోటారులో ఏదో అడ్డుపడుతూ ఉండాలి. అదే అయితే దయచేసి చెప్పండి. మోటారులో లోపమని తమ సంతకంతో ఒక్క ముక్క రాసి ఇస్తే పాపకు చదివి వినిపిస్తాను. నేనూ ప్రశాంతంగా అన్నం తింటాను. లోపం ఏమీ లేదంటే ఆ ముక్క కూడా రాసి ఇవ్వండి. అప్పుడు ఏం చేయాలో నాకు తెలియదు, కానీ రాసి ఇవ్వండి.

రెండో కిటికీ గుమస్తా గారు ఈ విషయమై, "సైరన్ కరెంటుతో నడిచేదయ్యా, దానికి జలుబు చేయదు" అన్నారు. కుందేలు బుట్ట సంగతి ఎత్తితే, "ఇవాళ కుందేలుకి పడవ అంటావు, రేపు చేపలకి కూడా అడుగుతారు" అన్నారు. చేపలకు పడవ అక్కర్లేదండీ అని చెప్పి వచ్చాను.

8. ఇప్పుడు సైరన్ పూర్తిగా తీసేశారు. ఇక మీద వరద కబురు ఫోనులో వస్తుందట. ఆ సైరన్ తమ కార్యాలయం వెనక దొడ్లో, పాత కుర్చీల పక్కన బోర్లా పడి ఉన్నది. నేను వెళ్ళి కళ్ళారా చూశాను, చేత్తో తాకాను. దాని తీగలు కోసేసి ఉన్నాయి. ఈ మాట తమరు జ్ఞాపకం ఉంచుకోవాలి.

కుందేలు ఫోను చూడదు. ఆ మోత తప్ప దానికి ఇంకేదీ తెలియదు. కాబట్టి ఆ మోతను నేనే నోటితో నేర్చుకోబోయాను. తలుపులు వేసుకుని నేనూ పాపా సాధన చేశాం. వీధిలో జనం పోగయ్యారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నేను ఎంత కూసినా బొత్తాం చెవి కూడా కదపలేదు. పాప కూస్తే తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంది. "మనది కాదు నాన్నా. దానికి అమ్మదే తెలుసు" అన్నది పాప.

9. అసలు సంగతి. వానలు మొదలయ్యాయి. ఎగువన బాగా పడుతున్నాయని పాలవాళ్ళు చెబుతున్నారు. పాప ఒకే మాట మీద ఉన్నది. బుట్ట ఎక్కని పడవ తాను ఎక్కదట. తిట్టాను, బతిమాలాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "అమ్మ కూడా ఎక్కలేదుగా" అంటుంది. ఆ మాటకు జవాబు తమ దగ్గర ఉంటే పంపగలరు. ఎత్తుకుని బలవంతంగా పడవలో వేస్తే దూకుతుంది. అది తల్లి కూతురు. నాకు మిగిలినది ఈ పాప ఒక్కతే. అయ్యా, ఇది కుందేలు గురించిన అర్జీ అని తమ గుమస్తా గారు పక్కన పెడతారేమో. ఇది నా కూతురి గురించిన అర్జీ.

కావున తమ కరపత్రంలో "పెంపుడు జంతువులను కట్లు విప్పి వదిలివేయవలెను" అన్న వాక్యం కుందేళ్ళ విషయంలో కొట్టివేయాలి. గేదె ఈదుతుంది. కుక్క ఎక్కడికైనా ఎక్కుతుంది. కుందేలు దాక్కుంటుంది. దాక్కున్నచోటే మునుగుతుంది. ఆ వాక్యం స్థానంలో నా భార్య పద్ధతిని అచ్చువేయాలి. అది ఆమె మాటల్లోనే నాకు జ్ఞాపకం ఉన్నది:

"బుట్ట ఎప్పుడూ నేల మీద, మూత తెరిచి ఉండాలి. దానికి రోజూ తినే గడ్డే ఒక సంచిలో కట్టి తలుపు దగ్గర తగిలించు. కొత్తది పెట్టకు, కంగారులో కొత్త తిండి తినదు. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఎద కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద. చెవులు పట్టుకుని ఎత్తావో, నీ చెవులు నేను పట్టుకుంటా. తడిస్తే తువ్వాలుతో అద్దు, రుద్దకు. బుట్ట మీద పల్చటి గుడ్డ కప్పు, గాలి ఆడాలి, కుక్కలు కనపడకూడదు. జంట ఉంటే విడదియ్యకు. విడదీస్తే రెండూ తినడం మానేస్తాయి."

చివరి మాట కుందేళ్ళ గురించే చెప్పింది.

తమరు దయతలచి పడవలో ఒళ్ళో పెట్టుకునేంత బుట్టకు చోటు ఇప్పించవలెను. టీవీకి ఇచ్చిన చోటులో సగం చాలు. శిబిరంలో కుక్కలు రాని ఒక గది మూల ఇప్పించవలెను. దొడ్లో పడి ఉన్న సైరన్‌ను తిరిగి బిగించి, కరెంటు పెట్టెను ఈసారి పైన పెట్టించవలెను. ఆ పెట్టెకు తాళం వేయడానికి మనిషి కావాలంటే నేను వచ్చి ఊరికే వేసిపెడతాను. కుందేలు మీద కాకపోయినా, బూట్లు తడుపుకోని ఒక పాప మీద దయ ఉంచి ఈ మనవిని చిత్తగించవలెను.

ఇట్లు,
చెవి మీద బతికే తమ విధేయుడు,
తాళాలు బాగుచేయువాడు,
కట్ట కింద వీధి, చివరి ఇల్లు.

తా.క. అయ్యా, పై సంతకం చేసి కాగితం మడుస్తుండగా బొత్తాం బల్ల కింద నుంచి లేచి వచ్చి బుట్టలో కూర్చున్నది. నేను పిలవలేదు. ఇంట్లో కొత్తిమీర లేదు. వెనక్కి తిరిగి చూస్తే పాప బూట్లు తొడుక్కుంటోంది.

"ఏమైందే?" అన్నాను.

"సైరన్ మోగింది కదా నాన్నా."

"సైరన్ తీసేశారమ్మా. దొడ్లో పడి ఉంది. మొన్న నీకు చెప్పానుగా."

"మోగింది. మధ్యలో దగ్గింది కూడా. ఇంక లే."

నేను విన్నానని రాస్తే ఈ అర్జీ చెల్లదు. అందుకని రాయడం లేదు. వినలేదని రాయడానికి చెయ్యి రావడం లేదు.

గుమ్మంలోకి వెళ్ళి చూశాను. వాన లేదు, ఎండ కాస్తున్నది. వీధి కాలువలో నీళ్ళు మాత్రం ఏటి వైపు పోవడం లేదు. ఏటి వైపు నుంచి వస్తున్నాయి. ఫోను చూశాను, కబురు ఏమీ లేదు. రేడియో పిన్నికి కేకేసి చెప్పాను, కాబట్టి ఇక వీధంతటికీ తెలిసినట్టే. ఆవిడ కిటికీలోంచి మా ఇంటి గుమ్మం వైపు ఒకసారి చూసి, గబగబా మెట్లు దిగుతోంది. వెనకాల వాళ్ళాయన, పిలవకుండానే.

పడవ కోసం ఆగడం లేదు. మిట్ట మీది బడి శిబిరానికి నడిచే వస్తున్నాం, ఇంకా దారి ఉన్నది. గడ్డి సంచి నా భుజాన, బుట్ట రెండు చేతులా. మూతకి కొలత టేపు పాపే కట్టింది. ముడి వాళ్ళమ్మ ముడిలాగే వేసింది. ఈ కాగితం గేటు దగ్గర తమ మనిషి చేతికి ఇస్తాను. బుట్టను ఆపవద్దని అతనికి చెప్పండి.

ఎంతమంది అని అడుగుతాడు. ముగ్గురమని ఇక్కడ రాశాను. పాప గడపలో నిలబడి, లోపలి గది వైపు చెయ్యి చాచి, ఎవరో పట్టుకునేదాకా ఆగి, అప్పుడు నా వైపు తిరిగి కొట్టేయమన్నది. కొట్టేశాను. నలుగురం వస్తున్నాం.